రోమన్ల కత్తికి పరాయి పేరు

క్రీ.శ. రెండో శతాబ్దంలో రోమ్‌లో ఔలుస్ గెల్లియస్ అనే పండితుడు ఉండేవాడు. ఒకసారి బండిలో ప్రయాణం చేస్తూ, మనసు పనికిమాలిన ఆలోచనల మీదికి పోకుండా పాత చరిత్ర గ్రంథాల్లో తాను చదివిన ఆయుధాల పేర్లన్నీ గుర్తు చేసుకున్నాడు. ఆ జాబితాను తన పుస్తకంలో రాసిపెట్టాడు కూడా. హస్తా, పీలుం, గైసుం, లాంకెయా, ఫ్రామెయా, రుంపియా, ఎన్సిస్, సీకా, మఖైరా, స్పాథా, పుగియో... ఇలా పాతికకు పైగా పేర్లు. వీటిలో కొన్ని ఆయన కాలానికే వాడుకలో లేవు. బహుశా అందుకే గుర్తుపెట్టుకోవాలని అనిపించి ఉంటుంది.

ఆ పేర్ల పుట్టుపూర్వోత్తరాలు విడివిడిగా చూస్తూ పోతే ఆశ్చర్యం వేస్తుంది. గైసుం అనే బరువైన ఈటె గాల్ జాతులది, అంటే ఇప్పటి ఫ్రాన్స్, ఉత్తర ఇటలీ ప్రాంతాల కెల్టులది. ఫ్రామెయా జర్మనిక్ తెగలది. తమ భాషలో వాళ్లు ఈటెను అలా పిలుచుకుంటారని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. రుంపియా గ్రీసుకు ఉత్తరాన ఉన్న థ్రేసియన్లది. మఖైరా, స్పాథా గ్రీకు మాటలు. లాంకెయా లాటిన్ మాట కాదని, స్పెయిన్ నుంచి వచ్చిందని రోమన్ పండితుడు వర్రో చెప్పినట్టు గెల్లియసే మరోచోట రాశాడు. అంతెందుకు, ఆయన కూర్చున్న బండి 'రైడా'. ఆ మాట కూడా గాల్ భాషదే.

మధ్యధరా ప్రాంతమంతటినీ జయించిన సైన్యం ఇది. దాని ఆయుధాలకు ఇన్ని పరాయి పేర్లు ఎందుకున్నాయి? రోమన్లు ఎవరి చేతిలో దెబ్బ తిన్నారో వాళ్ల ఆయుధాన్ని తీసుకున్నారు, చాలాసార్లు పేరుతో సహా తీసుకున్నారు. అందుకే లాటిన్ ఆయుధాల పదకోశాన్ని రోమ్ చేసిన యుద్ధాల పట్టికగా చదువుకోవచ్చు. రోమన్లు ఈ సంగతి దాచుకోలేదు. మన పూర్వీకులు ఆయుధాలను సామ్నైట్ల నుంచి, అధికార చిహ్నాలను ఎట్రుస్కన్ల నుంచి (ఇద్దరూ ఇటలీలోని పొరుగు జాతులే) తెచ్చుకున్నారని సీజర్ సెనేట్‌లో అన్నట్టు చరిత్రకారుడు సల్లస్ట్ రాశాడు. ఇతరుల దగ్గర మెరుగైనది కనిపిస్తే అనుకరించడంలో రోమన్లను మించినవారు లేరని గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ ప్రశంసగానే అన్నాడు.

అన్నిటికన్నా ప్రసిద్ధమైన మాట గ్లాడియస్, అంటే ఖడ్గం. గ్లాడియేటర్ అన్న మాటలో ఉన్నది అదే. చిన్న ఖడ్గం అనే అర్థంలో గ్లాడియోలస్ పువ్వుకు పేరు వచ్చింది, దాని ఆకుల ఆకారాన్ని బట్టి. ఇంతగా రోమ్‌తో ముడిపడిన ఈ మాట ఎక్కడిదని రోమన్లే తర్జనభర్జన పడ్డారు. క్రీ.పూ. మొదటి శతాబ్దంలో వర్రో దీన్ని 'క్లాదేస్', అంటే సంహారం, అన్న మాట నుంచి తీశాడు. క అక్షరం గ అయిందని వివరించాడు. ఏడో శతాబ్దపు స్పెయిన్‌లో బిషప్ ఇసిడోర్ మరో అడుగు ముందుకు వేసి, 'గులం దివిదిత్', అంటే గొంతు కోసేది కాబట్టి గ్లాడియస్ అన్నాడు. తన మాటకు తన భాషలోనే అర్థం వెతుక్కోవాలనే తపన ప్రతి జాతిలోనూ ఉంటుంది. ఇలాంటి వ్యుత్పత్తులు వినడానికి ఎంత బాగుంటాయో నమ్మడానికి అంత ప్రమాదకరం.

నేటి భాషావేత్తల్లో ఎక్కువమంది దీన్ని కెల్టిక్ భాషల నుంచి వచ్చిన అరువు మాటగా చూస్తారు. పాత ఐరిష్‌లో ఖడ్గాన్ని 'క్లైదెబ్' అంటారు, వెల్ష్‌లో 'క్లెదివ్'. మొదటి అక్షరం క నుంచి గ ఎలా అయిందన్నది ఇంకా పూర్తిగా తేలలేదు, కానీ బంధుత్వం మీద పెద్దగా వివాదం లేదు. స్కాట్లండ్ గేలిక్‌లో ఇదే మాటకు 'పెద్ద' అనే విశేషణం చేర్చి పొడవైన ఖడ్గాన్ని 'క్లైమోర్' అన్నారు. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా సైన్యం కోసం తయారైన ఒక మందుపాతరకు ఆ ఖడ్గం పేరు పెట్టారు. తెలుగు పత్రికలు చదివేవారికి ఆ పేరు కొత్త కాదు. 2003 అక్టోబరు 1న తిరుపతి అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి కాన్వాయ్ మీద జరిగిన దాడి వార్తల్లో 'క్లైమోర్ మైన్లు' అన్న మాట రోజుల తరబడి వినపడింది. గ్లాడియస్‌కు, ఆ మాటకు మూలం ఒకటే.

గ్లాడియస్ కథలో రెండో పొర కూడా ఉంది. రోమన్ సైనికులు వాడిన ప్రసిద్ధ ఖడ్గం పూర్తి పేరు 'గ్లాడియస్ హిస్పానియెన్సిస్', స్పెయిన్ ఖడ్గం. క్రీ.పూ. 218 నుంచి 201 వరకు ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌తో జరిగిన రెండో ప్యూనిక్ యుద్ధంలో స్పెయిన్ యోధులు కార్తేజ్ సేనాని హన్నిబల్ వైపు పోరాడారు. పొడవడానికీ నరకడానికీ రెండింటికీ పనికొచ్చే వాళ్ల ఖడ్గాన్ని రోమన్లు దాదాపు ఆ కాలంలోనే స్వీకరించారు. అంటే నామవాచకం కెల్టులది, విశేషణం స్పెయిన్‌ది. 'స్పెయిన్' అని ప్రత్యేకించి చెప్పాల్సి వచ్చిందంటే, గ్లాడియస్ అన్న మాట అప్పటికే లాటిన్‌లో మామూలు ఖడ్గానికి స్థిరపడి ఉండాలి. ఒకే ఆయుధం పేరులో రెండు వేర్వేరు అరువులు ఇలా పక్కపక్కన కనపడటం అరుదు.

ఆ ఖడ్గం ఎంత భయం పుట్టించిందో రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. క్రీ.పూ. 200లో మాసిడోనియా రాజు ఐదో ఫిలిప్ సైనికులు తమవాళ్ల శవాలను చూశారు. అప్పటిదాకా వాళ్లకు తెలిసినవి ఈటెలు, బాణాలు చేసే గాయాలే. ఇక్కడ భుజంతో సహా తెగిపడిన చేతులు, మొండెం నుంచి వేరైన తలలు కనిపించాయి. ఎలాంటి మనుషులతో, ఎలాంటి ఆయుధాలతో తలపడాలో అర్థమై సైన్యమంతా బెంబేలెత్తిందట.

అయితే గ్లాడియస్ రాకముందు లాటిన్‌కు ఖడ్గం అన్న మాటే లేదా? ఉంది. అదే 'ఎన్సిస్'. తెలుగు పాఠకులు ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే సంస్కృతం ద్వారా మనకు వచ్చిన 'అసి' దీని తోబుట్టువు. అసిధార, అసిధారావ్రతం అన్నప్పుడు మనం పలికే మాటే అది. లాటిన్, సంస్కృతం రెండూ ఒకే ఆదిమ ఇండో-యూరోపియన్ భాష నుంచి చీలినవి. ఆ భాషలో ఈ మాట ఉన్నందువల్లే ఇటలీలో ఎన్సిస్‌గా, భారతదేశంలో అసిగా మిగిలింది. ఆ మాట పుట్టిన కాలానికి ఇనుప ఖడ్గాలు ఇంకా రాలేదు కాబట్టి, మొదట అది పెద్ద కత్తిని సూచించి ఉండాలి.

కెల్టిక్ మాట వచ్చాక ఎన్సిస్ గతి మారింది. సైనికుల నోట, వచనంలో గ్లాడియస్ నిలబడింది. ఎన్సిస్ కవిత్వంలోకి వెళ్లిపోయింది. వర్జిల్ తన మహాకావ్యంలో వీరుల చేతికి ఎక్కువగా ఎన్సిస్‌నే ఇచ్చాడు, గ్లాడియస్‌ను బాగా తక్కువగా వాడాడు. తెలుగులోనూ అసి కావ్యాల్లోనే ఉంది, నిత్యవ్యవహారంలో మాత్రం కత్తి అనే ద్రావిడ పదమే నడుస్తోంది. వేల మైళ్ల దూరంలో రెండు తోబుట్టువు మాటలకు ఒకే గతి పట్టింది. మనవైపు దాని స్థానంలో నిలిచింది దేశీయమైన మాట, అటువైపు నిలిచింది పొరుగువాడి మాట. తేడా అంతే.

సంస్కృతంతో పోలిక కనిపించగానే తొందరపడకూడదు. లాటిన్‌లో ఈటెను 'హస్తా' అంటారు. చేతితో పట్టుకునేది కాబట్టి మన 'హస్తం' నుంచి వచ్చిందని చెప్పాలని నోరూరుతుంది. కానీ ఆ రెండింటికీ సంబంధం లేదు. లాటిన్ హస్తాకు బంధువులు జర్మనిక్ భాషల్లో ముల్లుకర్ర, కడ్డీ అనే అర్థాలున్న మాటల్లో దొరుకుతాయి. సంస్కృత హస్తం వేరే ధాతువుది. అసి–ఎన్సిస్ పోలికలో అక్షరాలు అంతగా కలవవు, అయినా బంధుత్వం ఉంది. ఇక్కడ అక్షరాలు పూర్తిగా కలిశాయి, అయినా బంధుత్వం లేదు. చెవికి తగిలిన పోలిక మీద కాకుండా, ధ్వనుల మార్పు ఏ సూత్రం ప్రకారం జరిగిందన్న దాని మీదే భాషాశాస్త్రం ఆధారపడుతుంది.

హస్తా లాటిన్ సొంత మాట. ఆ ఈటె యుద్ధభూమి నుంచి సంతలోకీ వచ్చింది. యుద్ధంలో దోచిన సొత్తును అమ్మేటప్పుడు నేలలో ఈటె నాటేవారు. తర్వాత ప్రభుత్వం వేసే ప్రతి వేలానికీ అదే గుర్తయింది. 'సుబ్ హస్తా', అంటే ఈటె కింద, అమ్మడమంటే వేలం వేయడమే. స్పానిష్‌లో వేలాన్ని నేటికీ 'సుబాస్తా' అంటారు, ఇటాలియన్‌లో 'ఆస్తా' అంటారు.

రోమన్ సైనికుడు విసిరే ఈటె పేరు పీలుం. దాదాపు రెండు మీటర్ల పొడవు, అందులో ముందు భాగం సన్నని ఇనుప కడ్డీ. శత్రువు డాలులో దిగబడితే లాగడం కష్టం. క్రీ.పూ. 58లో హెల్వెటీలనే కెల్టిక్ తెగతో జరిగిన యుద్ధంలో ఒక్కో పీలుం రెండేసి డాళ్లను కలిపి కుట్టేసిందని, కడ్డీ వంగిపోవడంతో దాన్ని పీకలేక చాలామంది డాళ్లను పారేసి ఒట్టి ఒంటితో పోరాడారని సీజర్ రాశాడు. ఇంత ప్రాణాంతకమైన ఆయుధం పేరుకు లాటిన్‌లో ఉన్న మరో అర్థం రోకలి. దంచడం, పిండి చేయడం అనే అర్థమున్న 'పిన్సెరె' ధాతువు నుంచి రోకలి పేరు వచ్చింది. సంస్కృతంలో దాని బంధువు 'పిష్'. పిండిని పిష్టం అంటాం, చెప్పిందే చెబితే పిష్టపేషణం అంటాం; ఆ ధాతువే ఇది. పొడవైన బరువు కర్ర కాబట్టి సైనికులు ఆయుధాన్ని రోకలి అని ఉంటారని చాలామంది వివరణ. వర్రో మాత్రం శత్రువు నశించేది కాబట్టి 'పెరీలుం' అని, అదే పీలుం అయిందని రాశాడు. ఆయన తన ఇంటి రోకలి వైపు చూసి ఉంటే సరిపోయేది.

రోకలి గురించి వర్రో రాసిన మరో సంగతిని సెయింట్ అగస్టీన్ భద్రపరిచాడు. ప్రసవమైన ఇంట్లో రాత్రిపూట ముగ్గురు మనుషులు గడప దగ్గరికి వచ్చి, ఒకరు గొడ్డలితో, ఒకరు రోకలితో గడపను కొట్టేవారు, మూడోవాడు చీపురుతో ఊడ్చేవాడు. అడవి దేవుడు సిల్వానుస్ తల్లీబిడ్డల జోలికి రాకుండా కాపలా అన్నమాట. ఆ రోకలి పేరుతో పిలుమ్నుస్ అనే దేవుడే ఉన్నాడు. బాలింత మంచం దగ్గర ఇనుప ముక్క, చీపురు పెట్టే ఆచారం మన ఇళ్లలోనూ ఉంది కాబట్టి ఆ రోమన్ ఇల్లు మనకు అంత కొత్తగా అనిపించదు.

విసిరే ఈటెల్లో ఎక్కువ దూరం ప్రయాణించిన పేరు లాంకెయా. స్పెయిన్‌దో, గాల్‌దో అయిన ఈ మాట లాటిన్‌లో స్థిరపడి, 'ఈటె విసరడం' అనే క్రియను పుట్టించింది. ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లిష్‌లోకి వెళ్లి 'లాంచ్' అయింది. శ్రీహరికోటలో రాకెట్ లాంచ్ అయినా, హైదరాబాద్‌లో ఫోన్ లాంచ్ అయినా దాని వెనక ఈ ఈటె ఉంది. గోదావరి మీద పాపికొండలకు తీసుకెళ్లే లాంచీకి మాత్రం దీనితో సంబంధం లేదు. ఆ పడవ పేరు మలయ్ మాట నుంచి పోర్చుగీసు ద్వారా వచ్చింది. భారత సైన్యంలో లాన్స్ నాయక్ హోదాలోని 'లాన్స్' మాత్రం లాంకెయానే. అనుభవమున్న సైనికుణ్ణి ఇటాలియన్‌లో 'విరిగిన ఈటె' అనేవారు. అది ఫ్రెంచ్, ఇంగ్లిష్ సైన్యాల మీదుగా మన దాకా వచ్చి 'నాయకుడి' పక్కన నిలబడింది.

డాలు పేరు స్కూటుం. దీని బంధువులు ఐరిష్, వెల్ష్, రష్యన్ భాషల్లో ఉన్నాయి. చీల్చిన చెక్క అన్నది మూలార్థమని చాలామంది భావన. పోలిబియస్ వర్ణన దానికి సరిగ్గా సరిపోతుంది: రెండు పొరల చెక్కను జిగురుతో అతికించి, దాని మీద గుడ్డ, ఆపైన దూడ తోలు వేసేవారట. చెక్క, తోలు నిలవవు కాబట్టి ఇలాంటి డాళ్లు మనకు దాదాపుగా మిగల్లేదు. సిరియాలోని దూరా-యూరోపోస్‌లో దొరికిన మూడో శతాబ్దపు వంపు డాలు ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం దగ్గర ఉంది. డాలు బొమ్మ ఉన్న నాణేలకు డాలు పేరే వచ్చింది. పోర్చుగల్‌లో 1911 నుంచి యూరో వచ్చేవరకు నడిచిన ఎస్కుడో ఇదే. డాలు మోసేవాణ్ణి సూచించిన మాట ఇంగ్లిష్‌లో 'ఎస్క్వైర్' అనే మర్యాద పదంగా మిగిలింది.

బాకుల్లో రెండు పేర్లకు చాలా తేడా ఉంది. పుగియో సైనికుడి నడుముకు వేలాడే బాకు. ఆకారం స్పెయిన్ నుంచి వచ్చినా పేరు లాటిన్‌దే. పొడవడం అనే అర్థమున్న 'పుంగెరె'తో దీన్ని ముడిపెడతారు. మన టైరు పంక్చర్ ఆ క్రియ నుంచి వచ్చిందే. క్రీ.పూ. 44 మార్చి 15న సీజర్‌ను చంపాక బ్రూటస్ ముద్రించిన నాణెం మీద రెండు బాకులు, వాటి నడుమ స్వేచ్ఛకు గుర్తయిన టోపీ ఉన్నాయి. హత్యను బాహాటంగా చాటిన నాణెం అది. సీకా అలాంటిది కాదు. థ్రేసియన్లు వాడిన వంకర కత్తి అది, గౌరవం లేని ఆయుధం. దాన్ని బట్టలో దాచుకుని తిరిగేవాణ్ణి 'సికారియుస్' అన్నారు. క్రీ.పూ. 81లో రోమ్ నియంత సుల్లా చేసిన హత్యానేర చట్టం పేరులోనే 'సికారియుస్'లు, విషం పెట్టేవాళ్లు ఉన్నారు. ఇటాలియన్, స్పానిష్ భాషల్లో కిరాయి హంతకుణ్ణి ఇప్పటికీ 'సికారియో' అంటారు. దగ్గరి పనిముట్టు ఒకటే అయినా, పట్టుకున్న మనిషిని బట్టి ఒక పేరు నాణెం ఎక్కింది, మరొకటి నేరం పేరైంది.

కోటల ముట్టడి యంత్రాల దగ్గరికి వస్తే తీరు మారుతుంది. యంత్ర విద్య గ్రీకులది కాబట్టి బల్లిస్టా, కటపుల్టా గ్రీకు నుంచే వచ్చాయి. విసరడం అనే అర్థమున్న బల్లిస్టా నుంచే బాలిస్టిక్ క్షిపణి అన్న మాట పుట్టింది, హైదరాబాద్ డీఆర్‌డీఓ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న అగ్నితో సహా. మిగతా పేర్లలో మాత్రం రోమన్ సైనికుల ఊరి బతుకు కనిపిస్తుంది. గోడలు పొడిచే దూలం 'అరియేస్', పొట్టేలు. పదునైన బాణాలు వదిలే చిన్న యంత్రం 'స్కోర్పియో', తేలు. డాళ్లు కప్పుకుని కదిలే దళం 'టెస్టూడో', తాబేలు. గోడ కిందికి సైనికులను చేర్చే చిన్న పాక 'మూస్కులుస్', చిట్టెలుక. శరీరంలోని మజిల్‌కూ పేరు అదే. రాళ్లు విసిరే యంత్రాన్ని 'ఒనగెర్', అడవి గాడిద, అన్నారు. వేటగాళ్లు తరిమితే వెనక కాళ్లతో రాళ్లు ఎగజిమ్ముతుంది కాబట్టి ఆ పేరని నాలుగో శతాబ్దపు చరిత్రకారుడు అమ్మియానుస్ రాశాడు. క్రీ.పూ. 52లో గాల్‌లోని అలేసియా కోట ముట్టడిలో సీజర్ మనుషులు గోతులు తవ్వి, వాటిలో చెక్కిన మొనలు నాటి, వాటికి లిల్లీ పూలని పేరు పెట్టారు. ఆ గోతుల్లో పడబోయే మనుషుల గురించి తెలిసీ ఆ పేరు పెట్టడం ఒళ్లు జలదరించే విషయం.

చివరికి గ్లాడియస్ కూడా పాతబడింది. మొదటి శతాబ్దంలో రోమన్ సైనికులది గ్లాడియస్, సహాయక దళాలది స్పాథా అని టాసిటస్ రాతల్లో తేడా స్పష్టంగా కనిపిస్తుంది. మూడో శతాబ్దానికి పొడవైన స్పాథా అందరిదీ అయింది. ఆ గ్రీకు మాటకు నేతలో పేకను దగ్గరికి కొట్టే చదునైన చెక్క అనే అర్థం ఉంది. నేతపని చెక్క ఖడ్గం అయింది, ఆ ఖడ్గం పేరే యూరప్‌లో నిలిచింది: ఇటాలియన్‌లో స్పాదా, స్పానిష్‌లో ఎస్పాదా, ఫ్రెంచ్‌లో ఎపే. ఒలింపిక్స్ ఫెన్సింగ్‌లో ఎపే ఒక విభాగం. దోసె తిప్పే స్పాచులా దీని చిన్న రూపం. పేకాటలో మన ఇస్పేటు కూడా ఇదే. ఇటలీ పేకముక్కల మీద ఉండే ఖడ్గాల నుంచి ఆ పేరు వచ్చింది.

పేర్లు ఇచ్చేవాడు, తీసుకునేవాడు అనే స్థానాలు ఆ తర్వాత పూర్తిగా తారుమారయ్యాయి. ఐదో శతాబ్దానికి పశ్చిమ రోమన్ సైన్యంలో జర్మనిక్ సైనికులే ఎక్కువ, తర్వాత ఆ ప్రాంతాలను ఏలిందీ వాళ్లే. లాటిన్ నుంచి పుట్టిన భాషలు శిరస్త్రాణానికి సైతం జర్మనిక్ మాట తీసుకున్నాయి. ఇటాలియన్‌లో అది 'ఎల్మో'. అంతకన్నా పెద్ద నష్టం 'బెల్లుం', అంటే యుద్ధం అన్న మాట. ఏడెనిమిది వందల ఏళ్లు యుద్ధాలతోనే బతికిన జాతి మాట అది. జనం నోట అది నిలవలేదు. ఇటాలియన్, స్పానిష్‌లలో 'గువెర్రా', ఫ్రెంచ్‌లో 'గేర్' దాని స్థానంలోకి వచ్చాయి, ఇంగ్లిష్ 'వార్'తో పాటు ఇవన్నీ జర్మనిక్ మాట నుంచి వచ్చినవే. ఫ్రాన్స్‌లో ఆ మాటను నాటినవాళ్లు ఫ్రాంకులనే జర్మనిక్ జాతివారు. వాళ్ల పేరు పర్షియన్ మీదుగా తూర్పుకు ప్రయాణించి యూరోపియన్లందరికీ 'ఫరంగీ'గా స్థిరపడింది, వాళ్లు తెచ్చిన తుపాకిమందు ఆయుధానికి తెలుగులో ఫిరంగిగా మిగిలింది. ఫ్రాంక్ అన్న జాతి పేరు సైతం వాళ్లు విసిరే ఈటె పేరు నుంచే వచ్చిందన్నది భాషావేత్తల్లో ఒక బలమైన వాదన.